సెల్లో–పియానో రిసైటల్: సగం క్లాసికల్, సగం జాజ్. ఏవి వాయించాలి, ఏ వరసలో, ఎలా సాధన చేయాలి?

#1 పొగడచెట్టు

అందరికీ నమస్కారం. సెల్లో, పియానో రెండే వాద్యాలతో 70 నిమిషాల కచేరీ. మధ్యలో ఇంటర్వెల్. హాల్లో 150 కుర్చీలు, గ్రానైట్ నేల, ఐదున్నర అడుగుల గ్రాండ్ పియానో. బేస్ లేదు, డ్రమ్స్ లేవు, మైకులు పెట్టే ఉద్దేశం కూడా లేదు. పియానిస్టుకు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) గుర్తులు చూసి వాయించడం వచ్చు. సెల్లిస్టు నొటేషన్ బాగా చదువుతారు కానీ ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు కల్పించి వాయించడం) ఇప్పటిదాకా చేయలేదు.

ఇప్పటికి అనుకున్నవి: ఫోరే ‘ఆప్రే అన్ రేవ్’, డెబ్యూసీ సొనాటా, క్లాడ్ బోలింగ్ సూట్‌లో మూడు భాగాలు, పియాత్సోలా ‘ల గ్రాన్ టాంగో’, చివర ‘ఆటమ్ లీవ్స్’.

సందేహాలు: (1) ఈ జాబితా సరిపోతుందా? (2) బో (కమాను) తో స్వింగ్ (జంట స్వరాల్లో మొదటిది కాస్త సాగే జాజ్ లయ) చేస్తుంటే చెక్క గుర్రం నడిచినట్టు వస్తోంది, ఎందుకు? (3) డ్రమ్స్ లేనప్పుడు కాలప్రమాణం ఎవరి బాధ్యత?

#2 నల్లమెట్లు

జాబితాలో రెండు మార్చాలండీ.

బోలింగ్ సూట్ పేరులోనే ఉంది, అది సెల్లోకీ జాజ్ పియానో ట్రయోకీ రాసింది. సెల్లిస్టు యో-యో మా తో కలిసి బోలింగ్ 1984లో రికార్డు చేశాడు. పియానో, బేస్, డ్రమ్స్ మూడూ కలిసి ఒక పక్క, సెల్లో ఇంకో పక్క. సెల్లో భాగం దాదాపు పూర్తిగా క్లాసికల్ ధోరణిలో నడుస్తుంది, ఊపంతా అవతలి పక్కనుంచే రావాలి. బేస్, డ్రమ్స్ తీసేస్తే వేగమైన భాగాలు బోలుగా ఉంటాయి. బల్లాడ్ ఒక్కటీ ఇద్దరితో నెట్టుకురావచ్చు. మిగతావి వదిలేయండి.

‘ల గ్రాన్ టాంగో’ గొప్ప రచన, సెల్లో–పియానోలకే 1982లో రాశాడు, సెల్లిస్టు రోస్ట్రోపోవిచ్‌కి అంకితం. కానీ టాంగో జాజ్ కాదు. పన్నెండు నిమిషాలు దానికి పోతే మీ కచేరీ విషయమే పక్కకి వెళ్తుంది. ఇంకో రోజుకి దాచుకోండి.

వీటి బదులు నికొలాయ్ కపుస్తిన్ (1937–2020). మాస్కో కన్సర్వేటరీలో గోల్డెన్‌వైజర్ దగ్గర పియానో చదివి, ఒలెగ్ లుండ్‌స్త్రెమ్ జాజ్ ఆర్కెస్ట్రాలో వాయించినవాడు. చెవికి ఇంప్రొవైజేషన్‌లా వినిపిస్తుంది కానీ ప్రతి స్వరం రాసిపెట్టి ఉంటుంది. మీ సెల్లిస్టుకు కావలసింది సరిగ్గా అదే. రెండు సెల్లో సొనాటాలున్నాయి (ఓపస్ 63, ఓపస్ 84), రెండూ పెద్ద పని. మొదటిసారికి చిన్నవి మూడు చాలు: ‘ఎలెజీ’ ఓపస్ 96, ‘బర్లెస్క్’ ఓపస్ 97, ‘నియర్లీ వాల్ట్స్’ ఓపస్ 98. మూడూ కలిపి పావుగంటకు అటూ ఇటూ. పియానో భాగం చిన్నదని మాత్రం అనుకోవద్దు. పియానిస్టుకు నోట్స్ కనీసం రెండు నెలల ముందు చేతికివ్వండి.

వంతెనగా గెర్ష్విన్ మూడు ప్రెల్యూడ్లు (1926). అసలు పియానోకి రాసినవి, సెల్లో అనుసరణలు దొరుకుతాయి. మూడూ కలిపి ఏడు నిమిషాల లోపే. రెండోదాని మధ్య భాగంలో పాట పియానో ఎడమచేతి స్థాయిలో నడుస్తుంది, అంటే సెల్లోకి ఇంటిగడప లాంటి చోటు. మంచి అనుసరణేనా అని తేల్చుకోవాలంటే ముందు ఆ భాగం చూడండి. అక్కడ సెల్లోని వదిలేసి పియానోకే ఇచ్చారంటే ఆ పుస్తకం కొనకండి.

రావెల్ వయొలిన్ సొనాటా ‘బ్లూస్’ భాగం గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే అంటున్నా. మొదట్లో వయొలిన్ జీ మేజర్‌లో బాంజో మీటినట్టు పిజ్జికాటో (బో లేకుండా వేలితో మీటడం) వాయిస్తుంది, పియానో ఏ-ఫ్లాట్‌లో వస్తుంది. ఆ రాపిడే దాని అందం. సెల్లోకి అష్టకం దించితే రెండు శ్రుతులూ ఒకే ఇరుకు గదిలో పడి, రాపిడి కాస్తా తప్పు స్వరంలా వినిపిస్తుంది. దించని అనుసరణ దొరికితేనే.

#3 కమానువాడు

రెండో ప్రశ్నకు. చెక్క గుర్రం రావడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రతి జంటలో మొదటి స్వరానికి బరువు వేసి, రెండోదాన్ని డాటెడ్ ఎయిత్–సిక్స్‌టీన్త్ (మూడుకి ఒకటి) లాగా పొట్టిగా విసరడం. క్లాసికల్ శిక్షణలో చేతికి అలవాటైంది అదే.

ఇలా చేసి చూడండి. మెట్రోనోమ్ 60 మీద (నిమిషానికి 60 టక్కులు) పెట్టి ఆ టక్కుల్ని 2, 4 బీట్లుగా లెక్కపెట్టండి, అంటే అసలు వేగం 120. డి తీగ మీద ఒకే స్కేలు, ఎయిత్ నోట్స్ (బీట్‌కు రెండు స్వరాలు). ఆఫ్-బీట్ (రెండు బీట్ల మధ్య పడే) స్వరాన్ని తర్వాతి ఆన్-బీట్‌తో కలిపి ఒకే బో లో స్లర్ చేయండి. మొదటి స్వరం ఒంటరిగా డౌన్-బో, అక్కణ్ణుంచి రెండేసి. దీంతో బో మారే ప్రతిసారీ ఆఫ్-బీట్ మీదే మారుతుంది, ఒత్తు దానంతటదే అక్కడ పడుతుంది. ఒత్తమని చేతికి వేరే చెప్పక్కర్లేదు.

బో మూడు నాలుగు సెంటీమీటర్లకు మించొద్దు. మధ్యకు కాస్త పైన వాయించండి, ఫ్రాగ్ (బో పట్టుకునే కొస) దగ్గర కాదు. స్వరాల మధ్య బో ఎత్తకండి. స్వింగ్ అంటే పొట్టి స్వరాలు కావు. నిండుగా, ఒకదానికొకటి అంటుకుని ఉండాలి. ఫ్రేజ్ ఆఖరి ఆఫ్-బీట్ ఒక్కటే పొట్టిగా కోయాలి.

వైబ్రేటో (వేలు ఊపి స్వరాన్ని కదిలించడం) సంగతి. ప్రతి స్వరం మీదా వేస్తే జాజ్ కాస్తా సెలూన్ సంగీతం అయిపోతుంది. సాదాగా మొదలుపెట్టి, పొడుగు స్వరమైతే చివరి మూడో వంతులో కాస్త తెరవండి. పొట్టివాటికి అసలు వద్దు.

#4 తిస్రగతి

ఇది మనవాళ్లకు తేలిగ్గా అర్థమయ్యే విషయమే. తిస్ర నడకలో తకిట తకిట అనుకుని ‘తకి’ అంతా ఒక స్వరం, ‘ట’ ఒక స్వరం పెట్టుకుంటే అదే స్వింగ్. రెండుకి ఒకటి. పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

#5 కమానువాడు

తిస్రగతి గారూ, 110–130 వేగంలో మీ లెక్క బాగా కుదురుతుంది. మొదలుపెట్టడానికి అంతకంటే మంచి దారి లేదు. కానీ అక్కడే ఆగిపోతే ఇబ్బంది. వేగం పెరిగేకొద్దీ ఆ రెండుకి ఒకటి తగ్గుతూ పోయి, 220 దాటాక దాదాపు సమానం అవుతుంది. 220లో కూడా తకిట లెక్కే పట్టుకుంటే పరిగెత్తేవాడు గెంతినట్టు ఉంటుంది.

ఇంకో మాట, అన్నింటినీ స్వింగ్ చేయకూడదు. గెర్ష్విన్ మొదటి ప్రెల్యూడ్ ఊపు 3+3+2 విభజనలో ఉంది, సమంగా వాయించాలి. ఆయనకు డాటెడ్ లయ కావలసిన చోట డాట్ పెట్టే రాశాడు. కపుస్తిన్ పదహారో స్వరాలు కూడా సమమే. ఆయన తన పియానో రచనల్ని తానే వాయించిన రికార్డింగులు వింటే గడియారంలా ఉంటాయి, ఊపంతా ఒత్తులు పడే చోట్లనుంచి వస్తుంది. ఆ ఒత్తులు ఆయన గుర్తుపెట్టినవి పెట్టినట్టు వాయిస్తే చాలు, పైన మసాలా చల్లక్కర్లేదు.

మీ కచేరీలో నిజంగా స్వింగ్ చేయవలసింది ‘ఆటమ్ లీవ్స్’ ఒక్కటే అన్నమాట.

#6 ఎడమచెయ్యి

మూడో ప్రశ్న అసలైంది. డ్రమ్స్ లేని జోడీలో కాలం ఇద్దరిదీ. కానీ ఒక్కో క్షణంలో బేస్ ఎవరి దగ్గరుందో ఇద్దరికీ ఒకేలా తెలిసి ఉండాలి. జోడీలు దెబ్బతినేది ఇక్కడే. సెల్లో కింద వాకింగ్ (బీట్‌కో స్వరం చొప్పున బేస్ నడపడం) చేస్తుంటుంది, పియానిస్టు అలవాటు కొద్దీ ఎడమచేత్తో రూట్లు (కార్డుల మూల స్వరాలు) కొడుతుంటాడు. రెండు బేసులు, రెండూ కొంచెం వేర్వేరు సమయాల్లో. హాలు మొత్తం బురద.

పద్ధతి ఇది. సెల్లో వాకింగ్ చేస్తున్నంతసేపూ పియానో మిడిల్ సి కింద ఉన్న సి కంటే దిగకూడదు, రూట్ వాయించకూడదు. ‘ఆటమ్ లీవ్స్’ ఇ మైనర్‌లో (E minor) తీసుకోండి, సెల్లో నాలుగు ఖాళీ తీగలూ ఆ స్కేల్లోనివే. మొదటి మూడు కార్డులకు పియానో ఎడమచేయి:

ఏ మైనర్ 7: సి ఇ జి బి
డి 7: సి ఇ ఎఫ్-షార్ప్ బి
జి మేజర్ 7: బి డి ఎఫ్-షార్ప్ ఏ

మూడింటిలోనూ రూట్ లేదు. చేయి కూడా దాదాపు కదలదు. మొదటినుంచి రెండోదానికి ఒక్క వేలు, రెండోదానినుంచి మూడోదానికి మిగతా మూడు వేళ్లు ఒక్కో మెట్టు కిందికి.

అదే మూడు బార్లకు సెల్లో పిజ్జికాటో, బార్‌కు నాలుగు:

ఏ, బి, సి, సి-షార్ప్ | డి, సి, ఏ, ఏ-ఫ్లాట్ | జి...

నాలుగో బీట్ చూడండి. ప్రతిసారీ వచ్చే రూట్‌కి అరస్వరం దూరంలో ఉంది. ఆ లాగుడే బార్ గీతను దాటిస్తుంది. ఒకటో బీట్ మీద రూట్, నాలుగో బీట్ మీద పక్క మెట్టు, మధ్య రెండూ స్కేలు లేదా కార్డు స్వరాలు. ఈ సూత్రంతో 32 బార్లూ రాసుకుని బట్టీ పట్టినా తప్పు లేదు.

సెల్లో సోలో లేదా పాట వాయిస్తున్నప్పుడు బేస్ పియానోకి తిరిగొస్తుంది. అప్పుడు ఎడమచేత్తో ఒకటి, మూడు బీట్ల మీద రూట్–7 లేదా రూట్–3, రెండే స్వరాలు. కుడిచేత్తో ఒకటో బీట్, రెండో బీట్ తర్వాతి ‘అండ్’, ఆ రెండు దెబ్బలే. పెడల్ మీద పాదం పెట్టనే పెట్టకపోతే ఇంకా మంచిది.

#7 కమానువాడు

పిజ్జికాటో గురించి చేర్పు. సెల్లో మీటు త్వరగా చచ్చిపోతుంది, డబుల్ బేస్‌లా నిలవదు. నిలబెట్టాలంటే ఫింగర్‌బోర్డ్ కొస మీద, వేలి మొనతో కాకుండా చూపుడువేలి పక్కకండతో, తీగను పైకి గిల్లకుండా పక్కకు లాగండి. ఎడమచేయి వేలు తర్వాతి స్వరం మోగేదాకా ఎత్తొద్దు. వాకింగ్ తుంపులు తుంపులుగా వినిపించడానికి కుడిచేయి కంటే ఎడమచేయి తొందరే ఎక్కువ కారణం.

పియానో సోలో రెండు కోరస్‌లంటే (కోరస్ అంటే పాట మొత్తం ఒక చుట్టు, 32 బార్లు) 64 బార్లు, 256 మీటులు. వేలు బొబ్బెక్కుతుంది. నెల ముందునుంచి రోజుకి పది నిమిషాలు మీటండి. కచేరీ వారంలో కొత్తగా పెంచొద్దు.

#8 పొగడచెట్టు

ఎంతో ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. బోలింగ్, టాంగో తీసేశాం. ఎడమచెయ్యి గారూ, సెల్లిస్టు సోలో ఎలా? ముందే రాసుకుని వాయిస్తే మోసమా?

#9 ఎడమచెయ్యి

మోసమేమీ కాదు. కపుస్తిన్ జీవితమంతా చేసిందదే. కాకపోతే రాసుకున్నది రాసినట్టు వినిపించకూడదు.

స్వరాలతో మొదలుపెట్టకండి, ఒక గీతతో మొదలుపెట్టండి. మొదటి ఏడు బార్లకు బార్‌కు ఒకే స్వరం: జి, ఎఫ్-షార్ప్, ఎఫ్-షార్ప్, ఇ, ఇ, డి-షార్ప్, డి. ప్రతిదీ ఆ బార్ కార్డులో మూడోదో ఏడోదో అవుతుంది. కార్డులన్నీ ఈ మెట్లు దిగే గీతలోనే ఉన్నాయి. బో తో పొడుగ్గా, వైబ్రేటో లేకుండా, పియానో కార్డులతో కలిపి ఇది పదిసార్లు. తర్వాత ఒక్కో స్వరానికి ముందు రెండు మూడు స్వరాల దారి వేసుకోండి, పైనుంచైనా కిందనుంచైనా. ఆ తర్వాత లయ మార్చండి. మూడు వారాల్లో ఒక కోరస్ దానంతటదే తయారవుతుంది. అందులో నచ్చింది రాసుకోండి.

సాఫీగా సాగే పథకం, క్వార్టర్ 132 దగ్గర:

పాట (సెల్లో, బో) 1 కోరస్
సెల్లో సోలో 2
పియానో సోలో 2, సెల్లో వాకింగ్
నాలుగేసి బార్లు ఇద్దరూ వంతులవారీగా మార్చుకోవడం 1
పాట 1, చివరి నాలుగు బార్లు మూడుసార్లు

32 బార్లంటే 128 బీట్లు, అంటే 58 సెకన్లు. ఏడు కోరస్‌లకు ఆరు నిమిషాల ముప్పావు, ఆఖరి పొడిగింపుతో ఏడు.

ఇందులో జారిపోయే చోటు నాలుగేసి బార్ల దగ్గర. ఎవరి నాలుగో బార్‌లోనో ఊపిరి తీసుకుంటారు, అవతలివాళ్లు అయిపోయిందనుకుని ఒక బీట్ ముందే దూకుతారు. మందు: ప్రతివాళ్లూ తమ వంతును అవతలివాళ్ల మొదటి బార్ ఒకటో బీట్ మీద ముగించాలి. ఒక్క స్వరం అవతలి గట్టు మీద పెట్టాలి.

#10 కమానువాడు

ఇంకో చోటు ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. ఈ పాట ఒకటో బీట్ మీద మొదలవ్వదు. ముందు బార్ 2, 3, 4 బీట్ల మీద ఇ, ఎఫ్-షార్ప్, జి ఎత్తుగడ, తర్వాత సి. పిజ్జికాటోలో ఉన్న చేయి రెండో బీట్‌కల్లా బో పట్టుకుని తీగ మీద ఉండాలి. అంతకుముందు నాలుగేసి బార్లలో ఆఖరి వంతు సెల్లోదే పిజ్జికాటోలో అయితే అయిపోయినట్టే. ఆఖరి వంతు పియానోకి ఇవ్వండి, లేదా సెల్లో ఆ కోరస్ మొత్తం బో తోనే వాయించాలి.

వాకింగ్ చేసేటప్పుడు బో కింద పెట్టకండి. ఉంగరంవేలు, చిటికెనవేలితో ఫ్రాగ్‌ని అరచేతిలోకి మడిచి, చూపుడువేలు వదిలేస్తే చాలు. స్టాండ్ మీద పెట్టిన బో జారిపడే రోజు కచ్చితంగా కచేరీ రోజే అవుతుంది.

#11 మోహనకల్యాణి

బ్లూస్ స్వరాలకు మన గమకం వాడొచ్చు కదా? సెల్లో మీద ఎంత బాగా పలుకుతుందో!

#12 తిస్రగతి

పలుకుతుంది, అందుకే జాగ్రత్త. బ్లూ థర్డ్ అంటే మైనర్ థర్డ్‌కి, మేజర్ థర్డ్‌కి మధ్య ఉండే చోటు. కిందనుంచి ఒకసారి జారి అక్కడికి చేరడం, లేదా చేరీ చేరకుండా వదలడం. అంతే. గమకం మాదిరి ఊపితే చెవి వెంటనే రాగం వెతుక్కుంటుంది, కింద కార్డు మారగానే రెండూ తగువుపడతాయి. దగ్గరి పోలిక జారుతో, కంపితంతో కాదు. ఇక సెల్లో మీద రాగం కావాలంటే అది వేరే కచేరీ, వేరే చర్చ. ఇక్కడ మొదలుపెడితే రేపటికి అరవై పోస్టులవుతాయి.

#13 శ్రుతిపెట్టె

అందరూ స్వరాల గురించే మాట్లాడుతున్నారు, పియానో శ్రుతి ఎవరైనా అడిగారా?

ముందు ‘ఏ’ (A) స్వరం ఎంతలో ఉందో కొలవండి. ఏళ్ల తరబడి ముట్టని పియానో మామూలు 440 హెర్ట్జ్ కంటే బాగా దిగి ఉండొచ్చు. అలాంటిదాన్ని కచేరీ రోజు పైకి లాగించొద్దు. ఒకేసారి అంత బిగిస్తే ఫ్రేమ్ మీద బరువు మారి, ముందు శ్రుతి చేసిన తీగలు వెనక్కి దిగుతాయి. ఇంటర్వెల్‌కే అపశ్రుతి మొదలవుతుంది. పైకి లాగాలంటే రెండు మూడు వారాల ముందు ఒకసారి, కచేరీ రోజు ఇంకోసారి. టైం లేకపోతే ఉన్న ఎత్తులోనే లోపలి స్వరాలు సరిచేయించి, సెల్లోనే దాని దగ్గరికి దించండి. సెల్లోకి పోయేదేం లేదు.

ఏసీ సంగతి. ట్యూనర్ మధ్యాహ్నం ఉక్కలో శ్రుతి చేసి వెళ్తాడు, ఐదింటికి ఏసీ వేస్తారు, ఏడింటికి పియానో వేరే వాద్యం. ట్యూనర్ రావడానికి మూడు గంటల ముందే ఏసీ వేయించి, కచేరీ అయ్యేదాకా ఆపొద్దని మేనేజర్‌కి చెప్పండి. కరెంటు ఖర్చని గొణుగుతారు, వినిపించుకోవద్దు. ఏసీ గాలికి సెల్లో బిరడాలు కూడా ఎండి జారతాయి. బిరడా బయటికి తీసి పెగ్ పేస్ట్ పల్చగా రాసి, తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పండి.

సెల్లో శ్రుతి పియానోతో చేసేటప్పుడు ‘ఏ’ (A) ఒక్కటి తీసుకుని మిగతావి ఐదో స్వరాలుగా చెవితో కలుపుకుంటూ పోతే, కింది సి పియానో సి కంటే ఆరు సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో వందో వంతు) దిగుతుంది. శుద్ధ పంచమం 702 సెంట్లు, పియానోది 700, మూడు తీగలు దిగేసరికి ఆరు. ఒంటరిగా బాఖ్ వాయిస్తే అది అందం. వాకింగ్‌లో ఖాళీ సి తీగ పియానో కార్డు కింద పడినప్పుడు మాత్రం నేల కుంగినట్టుంటుంది. నాలుగు తీగలూ విడివిడిగా పియానోతో కలపండి.

#14 నల్లమెట్లు

మంచి మాట. మూత గురించి కూడా తేల్చేద్దాం. ఐదున్నర అడుగుల పియానోకి మూత పూర్తిగా మూసేయమని కొందరంటారు. నేను ఒప్పుకోను. మూస్తే దెబ్బ తగ్గదు, స్పష్టతే పోతుంది. పియానిస్టుకి తన శబ్దం సరిగ్గా వినపడక ఇంకా గట్టిగా కొడతాడు. చిన్న కర్ర మీద పెట్టండి.

#15 శ్రుతిపెట్టె

150 కుర్చీలు, గ్రానైట్ నేల, బహుశా గోడలు కూడా నున్నవే. ఖాళీ హాల్లో చిన్న కర్ర కూడా ఎక్కువే అనిపిస్తుంది. జనం నిండాక తగ్గుతుంది. రిహార్సల్లో నిర్ణయించేయకుండా, ఎవరైనా ఒకరిని ఐదో వరసలో కూర్చోబెట్టి మొదటి రచన అయ్యాక సైగ చేయమనండి. కర్ర మార్చడానికి పది సెకన్లు.

#16 నల్లమెట్లు

అది ఒప్పుకుంటా. అసలు మందు మూత కాదు, చేయి. సెల్లో సొనాటాలో పియానిస్టు సెల్లోతో పోట్లాడకూడదు, తోడు రావాలి అని డెబ్యూసీ తన 1915 సొనాటా గురించి స్వయంగా రాసుకున్నాడు. పైగా ఆ సొనాటా రెండో భాగం ‘సెరెనాద్’లో పిజ్జికాటోలు, ఫింగర్‌బోర్డ్ మీది పొగ లాంటి బో, జారుళ్లు అన్నీ ఉన్నాయి. మీ రెండో సగానికి అదే తలుపు. జనానికి అది ముందే వినిపిస్తే తర్వాత వాకింగ్ పరాయిగా ఉండదు.

అందుకే క్లాసికల్ అంతా ముందు, జాజ్ అంతా వెనక అనే గోడ కట్టొద్దంటాను. మొదట బాఖ్ గాంబా సొనాటా జి మేజర్ (బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 1027) పెట్టి చూడండి, 13 నిమిషాలు. దాని మూడో భాగం ఇ మైనర్. ‘ఆటమ్ లీవ్స్’ కార్డులు ఏ, డి, జి, సి, ఎఫ్-షార్ప్, బి, ఇ అని నాలుగేసి మెట్లు ఎక్కుతూ పోతాయి కదా, అది బరోక్ వాళ్లు అరగదీసిన దారే. వెంటవెంటనే వాయించక్కర్లేదు. ఆ రాత్రి రెండూ వింటే చాలు, చెవి కలుపుకుంటుంది.

#17 కమానువాడు

గ్రానైట్ నేల మీద రబ్బరు మూత పెట్టిన ఎండ్‌పిన్ (సెల్లో కింది ఊతకడ్డీ) కూడా జారుతుంది. కుర్చీ ముందు కాళ్లకు తగిలించే పట్టీ వాడండి. ఇంకా మంచిది, ఒక చెక్క పలక: ముందు కొసన గుంట, వెనక కొస కుర్చీ కాళ్ల కింద. బోలుగా ఉండే 10–15 సెంటీమీటర్ల చెక్క వేదిక దొరికితే కింది తీగలకు ఒళ్లొస్తుంది, మైకు లేని హాల్లో అది పెద్ద సాయం.

కూర్చునేది పియానో వంపు ముందు. సెల్లిస్టు తల కాస్త కుడికి తిప్పితే పియానిస్టు చేతులు కనపడాలి. ముఖం కాదు, చేతులు. జాజ్‌లో సైగ చేతినుంచే ముందు తెలుస్తుంది.

వుల్ఫ్ టోన్ (ఒక స్వరం దగ్గర సెల్లో గురగురమంటూ వణకడం) ఎఫ్, ఎఫ్-షార్ప్ దగ్గర ఉంటే ఇ మైనర్‌లోని ‘ఆటమ్ లీవ్స్’లో తప్పించుకోలేరు. బ్రిడ్జికీ (తీగల్ని మోసే చెక్క) టెయిల్‌పీస్‌కీ (తీగల కింది కొసలు బిగించే పలక) మధ్య జి తీగ మీద ఇత్తడి గొట్టం బిగించి, ఒక్కో మిల్లీమీటర్ జరుపుతూ ఎక్కడ తగ్గుతుందో చూడండి. కచేరీ మధ్యలో వస్తే మోకాళ్లతో పెట్టెను నొక్కిపట్టడమే దారి.

#18 గుండ్రాళ్లు

టికెట్ పెడుతున్నారా? పెడితే హక్కుల సంగతి చూసుకోండి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. డెబ్యూసీ (1918), ఫోరే (1924), గెర్ష్విన్ (1937) బయటపడ్డారు. కానీ వాళ్ల రచనల కొత్త అనుసరణలకు వేరే హక్కులుంటాయి. ‘ఆటమ్ లీవ్స్’ స్వరకర్త జోసెఫ్ కోస్మా పోయింది 1969లో, అంటే 2029 చివరిదాకా హక్కు ఉంది. కపుస్తిన్ సరేసరి. బహిరంగంగా వాయించడానికి లైసెన్సు ఐపీఆర్‌ఎస్ (స్వరకర్తల, గీతరచయితల హక్కులు చూసే సంఘం) దగ్గర అడగాలి. కపుస్తిన్ నోట్స్ ఫొటోకాపీ తీసి స్టాండ్ మీద పెట్టొద్దు, కొనండి.

#19 పొగడచెట్టు

చివరి వరస ఇలా అనుకుంటున్నాం:

బాఖ్ 1027: 13
గెర్ష్విన్ మూడు ప్రెల్యూడ్లు: 7
డెబ్యూసీ: 12
(ఇంటర్వెల్)
ఫోరే: 3
కపుస్తిన్ ఎలెజీ, నియర్లీ వాల్ట్స్, బర్లెస్క్: 15
ఆటమ్ లీవ్స్: 7

మొత్తం 57, పరిచయాలూ చప్పట్లూ కలిపితే 70. నోట్స్ ట్యాబ్‌లోంచి, పాదంతో తిప్పే పెడల్‌తో. గెర్ష్విన్ రెండోదానికి సెల్లో మీద మ్యూట్ (బ్రిడ్జికి తగిలించి శబ్దం తగ్గించే బిళ్ల) వేద్దామనుకుంటున్నాం.

#20 నల్లమెట్లు

వరస కుదిరింది. బర్లెస్క్ తర్వాత ‘ఆటమ్ లీవ్స్’ వెంటనే మొదలుపెట్టకండి, పియానిస్టు చేతులు మొద్దుబారి ఉంటాయి. పాట పరిచయం అక్కడ, సెల్లిస్టు చెప్పాలి. ఒక నిమిషం. సోలోల మధ్య చప్పట్లు కొట్టొచ్చని కూడా అప్పుడే చెప్పేయండి. బాఖ్ భాగాల మధ్య కొట్టకుండా బిగబట్టుకున్న వాళ్లకు విడుదల.

ట్యాబ్‌లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే మళ్లీ ఆన్ చేయండి. ఒకే గదిలో రెండు పెడల్స్ ఉంటే ఒకరి పెడల్ ఇంకొకరి ట్యాబ్‌కి జత కాకుండా రిహార్సల్లోనే చూసుకోండి.

#21 కమానువాడు

మ్యూట్ వేస్తే వేయండి గానీ, మూడో ప్రెల్యూడ్ చకచకా మొదలవుతుంది. రెండోదాని ఆఖరి స్వరం ఆరిపోకముందే చేయి బ్రిడ్జి దగ్గరికి వెళ్లకూడదు. ఆరాక మ్యూట్ వెనక్కి జరపడానికి రెండు సెకన్లు, బో సర్దుకోవడానికి ఇంకో రెండు. ఆ నాలుగు సెకన్లూ పియానిస్టు చేతులు మెట్ల మీదే ఉంచి కదలకుండా కూర్చోవాలి, లేకపోతే అక్కడ చప్పట్లు పడతాయి. మ్యూట్ తీగకు తగిలి గరగరమంటుంటే, వాడనప్పుడు టెయిల్‌పీస్ దాకా పూర్తిగా లాగేయండి.